ఎముకకు బదులు వాడే కాంపోజిట్ల తయారీ: తరచుగా అడిగే ప్రశ్నలు

బయోమెటీరియల్స్‌లో (శరీరంలో పెట్టే పదార్థాల రంగంలో) కొత్తగా పని మొదలుపెట్టిన ఎం.టెక్., ఎం.ఫార్మసీ, పీహెచ్‌డీ విద్యార్థుల నుంచి ఒకే రకం సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. వాటిని పని జరిగే దశల ప్రకారం ఇక్కడ పెట్టాం. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. ప్రధాన ఉదాహరణ హైడ్రాక్సీఅపటైట్ (కాల్షియం ఫాస్ఫేట్ ఖనిజం, కోడిగుడ్డు పెంకుతోనూ చేయొచ్చు), కైటోసాన్ (రొయ్య పొట్టు నుంచి తీసే పాలిమర్), జెలటిన్ కలిపి చేసే స్కాఫోల్డ్, అంటే కొత్త ఎముక పెరగడానికి ఆసరాగా ఉండే రంధ్రాల ముక్క. రొయ్య పొట్టు, కోడిగుడ్డు పెంకు రెండూ మన దగ్గర కొరత లేని ముడిసరుకులు కాబట్టి తెలుగు రాష్ట్రాల ల్యాబుల్లో ఎక్కువమంది మొదలుపెట్టేది దీంతోనే. ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్‌లో.

## మొదలుపెట్టే ముందు

హైడ్రాక్సీఅపటైట్ ఎముకలోని ఖనిజమే కదా, అదొక్కటే పెడితే సరిపోదా? పాలిమర్ ఎందుకు?

ఎముక బరువులో 65 నుంచి 70 శాతం ఖనిజం, 20 నుంచి 25 శాతం సేంద్రియ పదార్థం, మిగతాది నీరు. సేంద్రియ భాగంలో సింహభాగం టైప్ 1 కొల్లాజెన్. గట్టిదనం ఖనిజం వల్ల, పగలకుండా సాగే గుణం కొల్లాజెన్ వల్ల వస్తాయి. కాల్చి గట్టిపరచిన హైడ్రాక్సీఅపటైట్ స్థితిస్థాపక గుణకం 80 నుంచి 110 గిగాపాస్కల్స్, దట్టమైన ఎముకది 7 నుంచి 30. అంటే అది ఎముక కంటే ఎంతో బిగువు, అయినా దెబ్బ తగిలితే పెళుసుగా చిట్లుతుంది. సర్జన్ చేతిలో కత్తిరించడానికి, ఎముకలోని గుంతలోకి ఒత్తి కూర్చడానికి లొంగదు. పాలిమర్ కలిపేది ఈ పెళుసుదనం తగ్గించడానికీ, ఎంత కాలంలో కరగాలో మన చేతిలో ఉంచుకోవడానికీ.

ఈ దారిలో మొదటి పేరున్న ఉదాహరణ హాపెక్స్. 1980లలో లండన్‌లో విలియం బాన్‌ఫీల్డ్ బృందం హై డెన్సిటీ పాలిథిలీన్‌లో హైడ్రాక్సీఅపటైట్ కలిపి దాన్ని తయారుచేసింది. మధ్య చెవి ఇంప్లాంట్లకు, కంటిగూడు అడుగు భాగానికి వాడారు. అది శరీరంలో కరగదు, బరువు మోసే చోట పనికిరాదు. తగిన చోటు ఎంచుకోవడం వల్లే అది నెగ్గింది.

మా స్కాఫోల్డ్‌కి ఎముకంత బలం రావాలా? గైడ్ అదే అడుగుతున్నారు.

ముందు ఏ ఎముక, ఏ గుంత అన్నది తేలాలి. దట్టమైన ఎముక ఒత్తిడి బలం 100 నుంచి 230 మెగాపాస్కల్స్, స్పంజు ఎముకది సుమారు 2 నుంచి 12. గడ్డకట్టించి ఆరబెట్టిన కైటోసాన్-జెలటిన్ స్కాఫోల్డ్ తడిగా ఉన్నప్పుడు సాధారణంగా కిలోపాస్కల్స్‌లోనే ఉంటుంది. దాన్ని తొడ ఎముక మధ్య భాగానికి ప్రత్యామ్నాయం అని రాస్తే ఏ రివ్యూయరూ ఒప్పుకోడు. పన్ను తీసిన గుంత, పుర్రె ఎముక రంధ్రం, ప్లేటూ స్క్రూలూ బరువు మోస్తుండగా పూడాల్సిన ఖాళీ లాంటి చోట్లకు అదే స్కాఫోల్డ్ చాలు. బరువు మోసే చోటే మీ లక్ష్యమైతే పాలీకాప్రోలాక్టోన్, పాలీలాక్టిక్ ఆమ్లం లాంటి వాటి వైపు వెళ్లాలి. అవీ ఒంటరిగా మొయ్యవు, లోహపు ప్లేటు తోడుండాలి.

ప్రాజెక్టు ప్రతిపాదనలో మొదటి వాక్యం గుంత గురించి ఉండాలన్నది మా గట్టి అభిప్రాయం. పదార్థం పేరు రెండో వాక్యంలో రావచ్చు.

ఏ పాలిమర్ తీసుకోవాలి?

కైటోసాన్, జెలటిన్ నీటి ఆధారంగా పనిచేస్తాయి, కణాలు బాగా అంటుకుంటాయి, కానీ తడిస్తే మెత్తబడతాయి. పాలీకాప్రోలాక్టోన్ సుమారు 60 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కాబట్టి త్రీడీ ప్రింటింగ్‌కి తేలిక. అయితే శరీరంలో పూర్తిగా పోవడానికి రెండు మూడేళ్లు పడుతుంది, పైగా నీటిని అంటించుకోదు. పాలీలాక్టిక్ ఆమ్లం బలమైనదే. అది విడిపోయేటప్పుడు ఆమ్లం పుడుతుంది, మందపాటి ముక్కల లోపల ఆ ఆమ్లం పేరుకుని లోపలి భాగం ముందే కరిగిపోతుంది. కలిపిన కాల్షియం ఫాస్ఫేట్ ఆ ఆమ్లాన్ని కొంత అణచడం ఈ జోడీలో అదనపు లాభం.

పేపర్లలో "40 శాతం హైడ్రాక్సీఅపటైట్" అంటారు. బరువా, ఘనపరిమాణమా?

చాలా గొడవలకు మూలం ఇదే. యాంత్రిక గుణాలు ఘనపరిమాణ శాతాన్ని బట్టి మారతాయి, కానీ ల్యాబులో మనం తూచేది బరువు. హైడ్రాక్సీఅపటైట్ సాంద్రత (ఘన సెం.మీ.కి గ్రాముల్లో) 3.16, పాలీకాప్రోలాక్టోన్‌ది సుమారు 1.145. బరువులో 40 శాతం కలిపితే ఘనపరిమాణంలో వచ్చేది:

(0.4 ÷ 3.16) ÷ (0.4 ÷ 3.16 + 0.6 ÷ 1.145) = 0.195

అంటే 20 శాతానికి కాస్త తక్కువ. హాపెక్స్‌లోని 40 శాతం ఘనపరిమాణం లెక్క. దాన్ని బరువులోకి మారిస్తే 69 శాతం దాకా వస్తుంది. రెండు పేపర్ల అంకెలు పోల్చే ముందు ఏది ఏ లెక్కలో ఉందో చూడండి.

ఇంకో నిరాశకూ ఇందులో కారణం ఉంది. గుండ్రటి రేణువులు కలిపినప్పుడు గట్టిదనం సిద్ధాంతంలోని కింది హద్దుకు దగ్గరగానే ఉంటుంది. 0.35 గిగాపాస్కల్స్ ఉన్న పాలిమర్‌లో ఘనపరిమాణంలో 20 శాతం హైడ్రాక్సీఅపటైట్ కలిపితే ఆ హద్దు 0.44 మాత్రమే. వంద గిగాపాస్కల్స్ పదార్థం కలిపినా పెద్దగా పెరగలేదేమని ఆశ్చర్యపోనక్కర్లేదు. రేణువుకీ పాలిమర్‌కీ మధ్య పట్టు లేకపోతే బలం పాలిమర్ ఒక్కదాని కంటే తగ్గిపోతుంది కూడా.

## పొడి తయారీ

ల్యాబులో హైడ్రాక్సీఅపటైట్ ఎలా చేసుకోవాలి? కొలతలు చెప్పండి.

సులువైనది అవక్షేప పద్ధతి. కాల్షియం, ఫాస్ఫరస్ పరమాణువుల నిష్పత్తి 1.67 రావాలి. సుమారు 25 గ్రాముల పొడికి:

- కాల్షియం నైట్రేట్ టెట్రాహైడ్రేట్ 59.04 గ్రాములు, 500 మి.లీ. నీటిలో
- డైఅమ్మోనియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 19.81 గ్రాములు, మరో 500 మి.లీ. నీటిలో
- పీహెచ్ సర్దడానికి అమ్మోనియా ద్రావణం

రెండు ద్రావణాల పీహెచ్‌నీ అమ్మోనియాతో 10 దాటించండి. కాల్షియం ద్రావణాన్ని తిప్పుతూ ఫాస్ఫేట్‌ను చుక్కలు చుక్కలుగా, గంటకు తక్కువ కాకుండా పోయండి. పీహెచ్ పడుతూ ఉంటుంది, అమ్మోనియాతో మళ్లీ 10కి తెస్తూ ఉండాలి. పూర్తయ్యాక గంటసేపు తిప్పి, 24 గంటలు కదపకుండా ఉంచండి. తర్వాత సెంట్రిఫ్యూజ్ చేసి పైనీరు మామూలు పీహెచ్‌కి వచ్చేదాకా కడిగి, 80 డిగ్రీల దగ్గర ఆరబెట్టి నూరండి.

కాల్షియం నైట్రేట్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది. తెరిచి చాలాకాలమైన సీసాలోంచి తూచితే కాల్షియం తక్కువ పడినట్టే. ఫ్యూమ్‌హుడ్ లేకుండా అమ్మోనియా ముట్టుకోవద్దు. కడగడంలో తొందరపడితే మిగిలిన అమ్మోనియం నైట్రేట్ వేడి చేసేటప్పుడు ప్రమాదం తెస్తుంది.

ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్ కిరణాలతో స్ఫటిక దశలను గుర్తించే పరీక్షలో) హైడ్రాక్సీఅపటైట్‌వి కాని శిఖరాలు వస్తున్నాయి. ఏం తప్పు జరిగింది?

కాపర్ కె-ఆల్ఫా కిరణాలతో చూస్తే హైడ్రాక్సీఅపటైట్ ముఖ్య శిఖరాలు రెండు థీటా విలువ 25.9, 31.8, 32.2, 32.9 దగ్గర వస్తాయి. 31.0 దగ్గర ఇంకొకటి లేస్తే అది బీటా ట్రైకాల్షియం ఫాస్ఫేట్. కాల్షియం తక్కువ పడిందన్నమాట: పీహెచ్ మధ్యలో పడిపోయి ఉంటుంది, లేదా కాల్షియం లవణం తేమెక్కి ఉంటుంది. 37.4 దగ్గర వస్తే కాల్షియం ఆక్సైడ్, అంటే కాల్షియం ఎక్కువైంది. మొదటిది కొన్నిసార్లు మేలే. 60:40 నిష్పత్తిలో రెండు దశలూ కావాలనే ఉంచే పదార్థాలు వాడుకలో ఉన్నాయి, ట్రైకాల్షియం ఫాస్ఫేట్ త్వరగా కరుగుతుంది కాబట్టి. రెండోది మాత్రం వదిలేయకూడదు. నీరు తగిలితే సున్నంగా మారి ఉబ్బుతుంది, ముక్కను లోపలి నుంచి చీలుస్తుంది, చుట్టూ పీహెచ్ పెంచి కణాలను చంపుతుంది.

కాల్చకముందు తీసిన ఎక్స్‌ఆర్‌డీలో ఈ తేడాలు కనిపించవు, శిఖరాలన్నీ వెడల్పుగా కలిసిపోయి ఉంటాయి. కొద్ది పొడిని 900 డిగ్రీల దగ్గర రెండు గంటలు కాల్చి చూస్తేనే అసలు నిష్పత్తి బయటపడుతుంది.

కోడిగుడ్డు పెంకుతో చేయొచ్చా? ఖర్చు తగ్గుతుంది కదా.

చేయొచ్చు. పెంకులో 94 శాతం దాకా కాల్షియం కార్బొనేటే. లోపలి పొర తీసేసి, ఉడికించి కడిగి, ఆరబెట్టి, 900 డిగ్రీల దగ్గర కాలిస్తే కాల్షియం ఆక్సైడ్ వస్తుంది. దాన్ని నీటిలో సున్నంగా మార్చి ఫాస్ఫారిక్ ఆమ్లం చుక్కలుగా కలపాలి. 10 మోల్ సున్నానికి 6 మోల్ ఆమ్లం లెక్క. సున్నం నీటిలో సరిగా కరగదు కాబట్టి చర్య నెమ్మది. పీహెచ్ నిలకడగా ఉందని తేలేదాకా తిప్పాలి, లేకపోతే కరగని సున్నం రేణువుల లోపలే మిగిలిపోతుంది.

పెంకులోంచి కొద్దిగా మెగ్నీషియం, స్ట్రాన్షియం వస్తాయి. అవి ఎముకలోనూ ఉండేవే, హాని లేదు. కానీ మెగ్నీషియం ఉంటే వేడికి ట్రైకాల్షియం ఫాస్ఫేట్ దశ తొందరగా ఏర్పడుతుంది. ఖర్చు తగ్గుతుందనే మాట మాత్రం ల్యాబు దాకానే. శస్త్రచికిత్సకు వాడే హైడ్రాక్సీఅపటైట్‌లో కిలోకు ఆర్సెనిక్ 3, కాడ్మియం 5, పాదరసం 5, సీసం 30 మి.గ్రా. మించకూడదని అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం ఎఫ్ 1185 చెబుతుంది. ప్రతి బ్యాచ్‌కీ ఆ పరీక్ష చేయించి, పెంకు ఎక్కడి నుంచి వచ్చిందో రికార్డు ఉంచితే మిగిలేది పెద్దగా ఉండదు.

పొడిని కాల్చి వాడాలా, కాల్చకుండానా?

కాల్చనిది నానో సైజులో, ఎముక ఖనిజానికి దగ్గరగా ఉంటుంది. త్వరగా కరుగుతుంది, పాలిమర్‌తో బాగా కలుస్తుంది. దాని ఉపరితలం ఎక్కువ కాబట్టి కణాలు పెంచే మీడియంలోంచి కాల్షియంనీ ప్రోటీన్లనీ లాగేసుకుంటుంది. 800 డిగ్రీలు దాటించి కాల్చినది నిలకడగా ఉంటుంది, రేణువులు పెద్దవి. జెలటిన్, కైటోసాన్‌లతో కాల్చనిదే మంచిది. పాలీకాప్రోలాక్టోన్‌తో వేడిగా కలిపేటప్పుడు కాల్చి, జల్లెడ పట్టిన పొడి మేలు.

## పాలిమర్‌తో కలపడం, స్కాఫోల్డ్ పోయడం

కైటోసాన్ కొనేటప్పుడు ఏం చూడాలి?

డీఎసిటైలేషన్ శాతం (ఎసిటైల్ భాగాలు ఎంత తీసేశారో), అణుభారం, బూడిద శాతం. మూడూ సర్టిఫికెట్‌లో లేకపోతే కొనొద్దు. డీఎసిటైలేషన్ 80 నుంచి 90 మధ్య ఉంటే ఆమ్లంలో కరుగుతుంది, శరీరంలో లైసోజైమ్ అనే ఎంజైమ్‌కీ లొంగుతుంది. 95 దాటితే ఎంజైమ్ పట్టుకోవడానికి ఎసిటైల్ భాగాలు మిగలవు, స్కాఫోల్డ్ నెలల తరబడి అలాగే ఉంటుంది. బూడిద ఎక్కువైతే రొయ్య పొట్టులోని ఖనిజం సరిగా తీయలేదని అర్థం. ఆంధ్ర తీరంలో రొయ్యల సాగు ఎక్కువ కాబట్టి వ్యవసాయానికీ నీటి శుద్ధికీ వాడే కైటోసాన్ చవకగా దొరుకుతుంది. మొదటి ప్రయోగాలకు పనికొస్తుంది, కణాల పరీక్షకు మాత్రం వద్దు. అందులో ప్రోటీన్, ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా విషం) మిగిలి ఉంటాయి.

100 మి.లీ. బ్యాచ్‌కి మోతాదులు, వరుస చెప్పండి.

80 మి.లీ. నీటిలో 0.8 మి.లీ. గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లం కలిపి, 2 గ్రాముల కైటోసాన్ వేసి రాత్రంతా తిప్పండి. నైలాన్ గుడ్డలో వడగట్టి కరగని తునకలు తీసేయండి. విడిగా 20 మి.లీ. నీటిలో 2 గ్రాముల జెలటిన్‌ని చల్లగా అరగంట నానబెట్టి, 45 డిగ్రీల దగ్గర కరిగించండి. రెండూ 40 డిగ్రీల దగ్గర కలపండి.

ఇప్పుడు పీహెచ్ చూడండి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. 85 శాతం డీఎసిటైలేషన్ ఉన్న 2 గ్రాముల కైటోసాన్‌లో అమైన్లు సుమారు 10 మిల్లీమోల్స్, పోసిన ఆమ్లం 14 మిల్లీమోల్స్. మిగిలిన ఆమ్లం హైడ్రాక్సీఅపటైట్‌ని కరిగించేస్తుంది. కాబట్టి పలచటి సోడియం హైడ్రాక్సైడ్‌ను గట్టిగా తిప్పుతూ చుక్కలుగా వేసి పీహెచ్ 5.5కి తేవాలి. 6.3 దాటితే కైటోసాన్ విరిగి తీగలు కడుతుంది. ఆ తర్వాతే పొడి వేయండి: 4 గ్రాములు వేస్తే బరువులో సగం ఖనిజం.

పొడిని నేరుగా చల్లొద్దు. మొత్తం నీటిలోంచి ముందే కొద్దిగా పక్కకు తీసి, అందులో పొడిని ప్రోబ్ సోనికేటర్‌తో ఐదారు నిమిషాలు విడగొట్టి పోయండి. కింద మంచు గడ్డలు పెట్టుకోవాలి. గంటసేపు తిప్పి, బుడగలు పోవడానికి వాక్యూమ్‌లో ఉంచి, 24 లేదా 48 గుంతల ప్లేట్లలో పోయండి. ఆపైన గడ్డకట్టించి, ఫ్రీజ్ డ్రైయర్‌లో (మంచును వాక్యూమ్‌లో నేరుగా ఆవిరి చేసే యంత్రంలో) ఆరబెట్టాలి.

పొడి అంతా అడుక్కి దిగిపోతోంది. పైభాగం తెల్లగా, కింద సుద్దలా ఉంది.

పోసిన వెంటనే ఫ్రీజర్‌లో పెట్టి ఉంటారు. మధ్య భాగం గడ్డకట్టేలోపు రేణువులు దిగిపోతాయి. ముందు 4 డిగ్రీల ఫ్రిజ్‌లో గంట రెండు గంటలు ఉంచితే జెలటిన్ పెరుగులా తోడుకుని రేణువులను ఎక్కడివక్కడ పట్టేస్తుంది, తర్వాత గడ్డకట్టించండి. అప్పటికీ దిగుతుంటే పొడి ముద్దలు ముద్దలుగా ఉన్నట్టు. లేదా కైటోసాన్ ద్రావణం పలచనైంది, 2 శాతాన్ని 2.5 చేసి చూడండి. స్కాఫోల్డ్‌ని అడ్డంగా మూడు ముక్కలు కోసి విడివిడిగా 900 డిగ్రీల దగ్గర కాల్చి బూడిద తూస్తే ఖనిజం ఎంత సమంగా పరుచుకుందో తెలిసిపోతుంది.

రంధ్రాల సైజు ఎలా మార్చాలి?

రంధ్రం అంటే మంచు స్ఫటికం ఉన్న చోటు. నెమ్మదిగా గడ్డకడితే స్ఫటికాలు పెద్దవి. మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో పెద్ద రంధ్రాలు, మైనస్ 80లో చిన్నవి, ద్రవ నైట్రోజన్‌లో ఇంకా చిన్నవి వస్తాయి. కణాలు లోపలికి పోవడానికి కనీసం 100 మైక్రాన్లు కావాలని పాత అంచనా. రక్తనాళాలు చొచ్చుకురావాలంటే 300 దాటడం మంచిది. ప్లాస్టిక్ ప్లేటు వేడిని అన్నివైపుల నుంచీ సమంగా పోనివ్వదు, కాబట్టి అంచుల్లో ఒకలా, మధ్యలో ఒకలా ఉంటుంది. ప్లేటు కింద అల్యూమినియం దిమ్మె పెడితే ఈ తేడా కొంత తగ్గుతుంది. స్కాఫోల్డ్ పైన పల్చటి మూసిన చర్మంలాంటి పొర ఏర్పడుతుంది. బ్లేడుతో కోసేయండి, లేకపోతే కణాలు లోపలికి దిగవు.

నీళ్లలో వేయగానే కరిగి జావ అయిపోతోంది.

ఆరబెట్టిన స్కాఫోల్డ్‌లో కైటోసాన్ ఇంకా ఎసిటేట్ రూపంలోనే ఉంటుంది, అది నీటిలో కరుగుతుంది. ముందు ఆ ఆమ్లాన్ని తీయాలి. 80 శాతం ఇథనాల్‌లో కలిపిన 0.25 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో గంట రెండు గంటలు ఉంచి, 70 శాతం, 50 శాతం ఇథనాల్‌తో, చివర నీటితో కడగండి. నేరుగా నీటిలోని క్షారంలో వేస్తే ముక్క ముడుచుకుపోతుంది. కడిగిన నీటి పీహెచ్ 7 దగ్గరకు వచ్చేదాకా ఆగకూడదు.

జెలటిన్‌ని పట్టి ఉంచడానికి క్రాస్‌లింకింగ్ (పాలిమర్ గొలుసులను ఒకదానికొకటి రసాయనికంగా కట్టడం) విడిగా కావాలి. లేకపోతే 37 డిగ్రీల దగ్గర అది ఒకటి రెండు రోజుల్లో బయటికి కారిపోతుంది.

క్రాస్‌లింకర్లలో ఏది మంచిది? గ్లుటరాల్డిహైడ్ వాడితే రివ్యూయర్లు తిడుతున్నారు.

గ్లుటరాల్డిహైడ్ చవక, వేగం. చర్యలో పాల్గొనకుండా మిగిలినది కణాలకు విషం. 0.25 శాతం మించకుండా వాడి, 0.1 మోలార్ గ్లైసిన్‌లో ముంచి, బాగా కడిగితే గట్టెక్కవచ్చు, కానీ ఇప్పుడు ఎవరికీ అది ఇష్టం లేదు. జెనిపిన్ సురక్షితం, ఖరీదు ఎక్కువ. ముక్కను ముదురు నీలం చేస్తుంది. ఆ రంగు 600 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకుంటుంది, ఎర్రటి ఫ్లోరెసెన్స్ కూడా ఇస్తుంది. రంగుతో కొలిచే పరీక్షలన్నిటికీ కణాలు లేని స్కాఫోల్డ్‌ను పక్కన పెట్టి తీసివేయాలి.

మేము ముందు సూచించేది ఈడీసీ (ఒక కార్బోడైఇమైడ్), ఎన్‌హెచ్ఎస్ (ఎన్-హైడ్రాక్సీసక్సినిమైడ్) జంట: 80 శాతం ఇథనాల్‌లో లీటరుకు ఈడీసీ హైడ్రోక్లోరైడ్ 9.6 గ్రాములు, ఎన్‌హెచ్ఎస్ 2.3 గ్రాములు, 4 డిగ్రీల దగ్గర 24 గంటలు. అందులోంచి వచ్చే యూరియా ఉత్పన్నం నీటితో పోతుంది. ఎసిటిక్ ఆమ్లం పూర్తిగా పోకముందు దీన్ని చేస్తే ఈడీసీ ఎసిటేట్‌తోనే ఖర్చైపోతుంది. ట్రిస్ బఫర్ కూడా అంతే పాడుచేస్తుంది. సీసా ఫ్రీజర్‌లోంచి తీయగానే మూత తెరవొద్దు, గది వేడికి వచ్చాక తెరవండి. తేమ తగిలిన ఈడీసీ పనిచేయదు.

ఫ్రీజ్ డ్రైయర్ మా కాలేజీలో లేదు.

పాలీకాప్రోలాక్టోన్‌కి మారండి. 250 నుంచి 425 మైక్రాన్ల జల్లెడ పట్టిన ఉప్పును క్లోరోఫామ్‌లో కరిగించిన 10 శాతం పాలిమర్ ద్రావణంలో కలిపి అచ్చులో ఒత్తి, ద్రావణి ఆరాక నీటిలో రెండు మూడు రోజులు నీరు మారుస్తూ ఉప్పు కరిగించండి. పాలిమర్, పొడి మిశ్రమం ఒక వంతుకి ఉప్పు తొమ్మిది వంతులు. క్లోరోఫామ్ జాడ మిగలకుండా వాక్యూమ్‌లో ఆరబెట్టాలి. త్రీడీ ప్రింటర్ ఉంటే 0.4 మి.మీ. నాజిల్‌తో 90 నుంచి 120 డిగ్రీల మధ్య 20 నుంచి 40 శాతం బరువు పొడి దాకా తీయొచ్చు. నాజిల్ మూసుకుపోతే పొడి ముద్దలే కారణం, 40 మైక్రాన్ల జల్లెడ పట్టండి.

## కొలతలు

పోరాసిటీ (ముక్కలో ఖాళీ ఎంత శాతం) ఎలా లెక్కించాలి?

సులువైనది బరువు పద్ధతి. బరువులో సగం హైడ్రాక్సీఅపటైట్, సగం పాలిమర్ (సాంద్రత 1.38 అనుకుంటే) ఉంటే గట్టి పదార్థం సాంద్రత 1 ÷ (0.5 ÷ 1.38 + 0.5 ÷ 3.16) = 1.92. 10 మి.మీ. వ్యాసం, 10 మి.మీ. ఎత్తు ముక్క 60 మి.గ్రా. ఉంటే దాని సాంద్రత 0.076. పోరాసిటీ 96 శాతం.

ద్రవంలో ముంచే పద్ధతికి నీళ్లు వాడొద్దు, జెలటిన్ ఉబ్బుతుంది. ఇథనాల్ లేదా హెక్సేన్ వాడండి. మెర్క్యురీ పోరోసిమెట్రీ మెత్తటి స్కాఫోల్డ్‌లను నలిపేసి తప్పు అంకెలిస్తుంది.

బలం పరీక్ష పొడిగా చేయాలా, తడిగా చేయాలా?

తడిగా. పొడి ముక్క అంకె రోగి శరీరంలో ఎప్పుడూ ఎదురుకాదు. రెండూ ఇవ్వాలనుకుంటే ఇవ్వండి, కానీ సారాంశంలో పెట్టాల్సింది తడి అంకె. 37 డిగ్రీల పీబీఎస్‌లో (ఫాస్ఫేట్ ఉప్పునీటి బఫర్‌లో) 24 గంటలు నానబెట్టి, తీసిన వెంటనే, నిమిషానికి 1 మి.మీ. వేగంతో ఒత్తండి. కనీసం ఐదు ముక్కలు. 10 కిలోన్యూటన్ల లోడ్‌సెల్‌పై ఇలాంటి ముక్క పెడితే కనిపించేది యంత్రపు గోలే. 50 లేదా 100 న్యూటన్ల లోడ్‌సెల్ అడగండి. పై, కింది ముఖాలు సమాంతరంగా లేకపోతే గ్రాఫ్ మొదట్లో వంపు వస్తుంది. ఆ భాగంలోంచి గుణకం లెక్కించడం మామూలుగా జరిగే పొరపాటు.

ఎస్‌బీఎఫ్ (రక్తంలోని అయాన్లను పోలిన ద్రావణం) కలిపితే తెల్లగా విరిగిపోతోంది. పైగా అందులో ఉంచాక అపటైట్ వచ్చిందని ఎలా చెప్పాలి?

కొకుబో పద్ధతిలో లీటరుకు వరుసగా: సోడియం క్లోరైడ్ 8.035 గ్రా., సోడియం బైకార్బొనేట్ 0.355, పొటాషియం క్లోరైడ్ 0.225, డైపొటాషియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ ట్రైహైడ్రేట్ 0.231, మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ 0.311, 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 39 మి.లీ., కాల్షియం క్లోరైడ్ 0.292, సోడియం సల్ఫేట్ 0.072. తర్వాత ట్రిస్ 6.118 గ్రా. కొద్దికొద్దిగా. చివరికి 36.5 డిగ్రీల దగ్గర పీహెచ్ 7.40. ఆమ్లం వేయకముందు కాల్షియం పడినా, ట్రిస్ ఒక్కసారిగా కుమ్మరించినా విరుగుతుంది. గాజు బీకరు వద్దు, ప్లాస్టిక్‌ది వాడండి. గాజు గీతల మీద అపటైట్ మొలుస్తుంది. విరిగితే పారబోసి మళ్లీ కలపడమే, వడగట్టి వాడితే అయాన్ల లెక్క తప్పుతుంది.

రెండో సగం కష్టం. మీ స్కాఫోల్డ్‌లో హైడ్రాక్సీఅపటైట్ ముందే ఉంది, కాబట్టి ఎక్స్‌ఆర్‌డీలో కనిపించినంత మాత్రాన కొత్తది మొలిచిందని కాదు. ఎస్ఈఎంలో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో) ఉపరితలంపై ముందు లేని గుత్తులు చూపించాలి. ద్రావణంలో కాల్షియం, ఫాస్ఫరస్ తగ్గాయని ఐసీపీతో (మూలకాలను కొలిచే పరికరంతో) చూపించాలి. పొడి లేని స్కాఫోల్డ్‌ను పోలికకు పెట్టాలి. ఇవన్నీ ఉన్నా అది శరీరంలో ఎముకకు అతుక్కుంటుందని రుజువు కాదు, వడపోత పరీక్ష మాత్రమే.

## కణాలు, జంతువులు

స్టెరిలైజ్ ఎలా చేయాలి? 70 శాతం ఇథనాల్ చాలదా?

ఇథనాల్ స్పోర్‌లను చంపదు. ల్యాబులో కణాల పరీక్షకు గడిచిపోతుంది, జంతువుకు పెట్టే ముక్కకు చాలదు. ఆటోక్లేవ్ 121 డిగ్రీలు జెలటిన్‌ని జిగురు చేస్తుంది, పాలీకాప్రోలాక్టోన్‌ని కరిగించేస్తుంది. గామా 25 కిలోగ్రే మామూలు మోతాదు, కైటోసాన్ గొలుసులను కొంత తెంపుతుంది. ఇథిలీన్ ఆక్సైడ్ మెల్లగా చేయొచ్చు, తర్వాత వాయువు పూర్తిగా వెళ్లే సమయం ఇవ్వాలి. ఏదైనా సరే, బలం, కరుగుదల పరీక్షలు స్టెరిలైజ్ చేసిన ముక్కలపైనే చేయండి.

ఎంటీటీలో (బతికున్న కణాలను రంగుతో కొలిచే పరీక్షలో) కణాలు చచ్చిపోతున్నాయి. పదార్థం విషమా?

వెంటనే ఆ నిర్ణయానికి రావొద్దు. మీడియం రంగు చూడండి. ముదురు గులాబీ, ఊదా అయితే సోడియం హైడ్రాక్సైడ్ మిగిలింది, పసుపైతే ఎసిటిక్ ఆమ్లం. రెండూ లేకపోతే కాల్చని నానో పొడి మీడియంలోని కాల్షియం పీల్చేసి ఉండవచ్చు. ముక్కను ముందు రోజు రాత్రంతా మీడియంలో నానబెట్టి, మీడియం మార్చి మళ్లీ చేయండి.

ఐఎస్ఓ 10993-5 ప్రకారం జీవించే కణాలు పోలికలోని వాటిలో 70 శాతం కంటే తగ్గితే విషపూరితం. కషాయం (ముక్కను నానబెట్టి తీసే ద్రవం) తీసేటప్పుడు 10993-12 ఇచ్చే నిష్పత్తి, ఇలాంటి సాంద్రత తక్కువ ముక్కలకు, మి.లీ.కి 0.1 గ్రాము. ఈ స్పంజు తన బరువుకు ఎన్నో రెట్లు ద్రవం పీల్చుకుంటుంది. ఆ పీల్చేదెంతో ముందు కొలిచి అంత అదనంగా పోయాలి. లేకపోతే ప్లేటు గుంతలో కషాయమే మిగలదు. ఎంజీ-63, ఎల్929 లాంటి కణాలు పుణెలోని నేషనల్ సెంటర్ ఫర్ సెల్ సైన్స్ నుంచి తెప్పించుకోవచ్చు.

అలిజరిన్ రెడ్‌తో (కాల్షియాన్ని ఎర్రబరిచే రంగుతో) ఎర్రగా వచ్చింది. ఖనిజం ఏర్పడినట్టేనా?

మీ స్కాఫోల్డ్‌లోని హైడ్రాక్సీఅపటైట్ కూడా ఎర్రబడుతుంది. కణాలు లేకుండా అదే మీడియంలో 21 రోజులు ఉంచిన ముక్కకు అదే రంగు వేసి, కరిగించి, ఆ విలువ తీసేయాలి. ఈ పోలిక లేని గ్రాఫ్‌కు విలువ లేదు. కణాలు ఎముక వైపు మళ్లాయని చెప్పడానికి 7, 14 రోజుల ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, దాన్ని డీఎన్ఏ మొత్తంతో భాగించిన విలువ మెరుగైన సాక్ష్యం.

ఏ జంతువు? ఎవరి అనుమతి?

ఎలుక పుర్రెలో ఒకే 8 మి.మీ. రంధ్రం తనంతట పూడదు, అందుకే అది ప్రామాణికం. రెండు వైపులా 5 మి.మీ. చేస్తే ఒకే జంతువులో పోలిక దొరుకుతుంది. కుందేలు తొడ ఎముక చివర 5, 6 మి.మీ. గుంత స్పంజు ఎముకకు మంచి నమూనా. ఖాళీగా వదిలిన గుంత తప్పనిసరి. సంస్థలోని జంతు నైతిక కమిటీ ఆమోదం ముందే కావాలి. మేక, గొర్రె, కుక్క లాంటి పెద్ద జంతువులకు కేంద్రంలోని సీసీఎస్ఈఏ (జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కమిటీ) ఆమోదం కూడా కావాలి. పెద్ద జంతువులపై పనికి హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో ఐసీఎంఆర్ జాతీయ కేంద్రం ఉంది.

మైక్రోసీటీ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. మీ పొడీ, కొత్త ఎముకా దాదాపు ఒకే తెలుపులో కనిపిస్తాయి. ఖనిజం తీయకుండా రెసిన్‌లో పొదిగి కోసిన పలకలపై రంగు వేసి చూడాలి. వాన్ కోసా రంగు కూడా రెండింటినీ నల్లబరుస్తుంది, కాబట్టి గోల్డ్‌నర్ ట్రైక్రోమ్ రంగు లాంటిది తోడుగా వాడండి.

## అనుమతులు

రోగుల దాకా వెళ్లాలంటే ఏ లైసెన్సులు?

2017 వైద్య పరికరాల నిబంధనలు 2018 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. పరికరాలు ఎ, బి, సి, డి తరగతులు. శరీరంలో కరిగే, జంతువుల నుంచి తీసిన పదార్థమున్న ఎముక ప్రత్యామ్నాయాలు సాధారణంగా పై తరగతుల్లో పడతాయి, వాటి తయారీ లైసెన్సు ఇచ్చేది కేంద్ర సంస్థ సీడీఎస్‌సీఓ. పరీక్షల కోసం కొద్దిపాటి తయారీకి ఎండీ-12 దరఖాస్తు, ఎండీ-13 లైసెన్సు. మనుషులపై అధ్యయనానికి ఎండీ-22 దరఖాస్తు, ఎండీ-23 అనుమతి.

ఆచరణలో అడ్డుపడేది ఫారాలు కాదు, ల్యాబు రికార్డులు. ఏ బ్యాచ్ కైటోసాన్, దాని సర్టిఫికెట్, ఏ రోజు ఏ పీహెచ్ దగ్గర పొడి తీశారు, ఎవరు తూచారు అన్నది లేకపోతే చేసిన జీవ అనుకూలత పరీక్షలు ఆ ఉత్పత్తివని చూపలేరు, మళ్లీ చేయించాల్సి వస్తుంది. జెలటిన్ పశువుదా, పందిదా, చేపదా, ఏ దేశానిది అనే పత్రం మొదటి కొనుగోలు నుంచే దాచండి. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ బయోమెడికల్ విభాగంలో ఈ పరీక్షలు చేస్తారు. విశాఖపట్నం మెడ్‌టెక్ జోన్‌లోనూ పరీక్షా సదుపాయాలున్నాయి. నమూనాలు పంపే ముందు, తుది ఉత్పత్తిని ఏ స్టెరిలైజేషన్‌తో, ఏ ప్యాకింగ్‌లో అమ్మబోతున్నారో అదే రూపంలో పంపండి.